తొమ్మిదో నంబరు మాత్ర, తొమ్మిదో ప్రశ్న

నా పూర్వవిద్యార్థి ఒకడు సైన్యంలో పద్ధెనిమిదేళ్లు పనిచేసి, హవల్దారుగా పదవీ విరమణ చేసి ఊరు చేరాడు. పింఛను కాగితాల్లో తండ్రిపేరు తప్పుపడిందనీ, దాన్ని సరిదిద్దమని అర్జీ వ్రాసిపెట్టాలనీ ఒక సాయంకాలం మా ఇంటికి వచ్చాడు. నేను వ్రాస్తున్నంతసేపూ అరుగుమీద కూర్చుని ఏవో చెబుతూనే ఉన్నాడు. కడుపులో మంటగా ఉంటున్నదన్నాడు. రాత్రులు నిద్ర పట్టడం లేదన్నాడు. పట్నంలో డాక్టరుగారికి చూపించుకుంటే గ్యాసుకు మాత్రలిచ్చారన్నాడు. "కారం తగ్గించి మజ్జిగ ఎక్కువ పుచ్చుకోరా" అని నేనూ ఒక సలహా పారవేశాను. "అలాగే మాస్టారూ" అని కాగితం మడిచి జేబులో పెట్టుకొని వెళ్లిపోయాడు. అర్జీలో అక్షరదోషం లేకుండా చూశాను గాని, అతని ముఖంలోకి చూడలేదు. నెల తిరగకముందే అతడు తన ప్రాణం తానే తీసుకున్నాడని కబురు వచ్చింది.

ఆ తరువాత చాలాకాలం ఒక ప్రశ్న నన్ను వదలలేదు. నేనంటే పాఠాలు చెప్పుకొనేవాణ్ణి. మరి వైద్యం చదివిన ఆ డాక్టరుగారైనా ఎందుకు అడగలేదు? ఆయన మీద కోపంతోనే ఈ విషయం చదవడం మొదలుపెట్టాను. చదవగా చదవగా కోపం తగ్గింది, దిగులు పెరిగింది. ఎందుకంటే ఈ కథ మా ఊరిది మాత్రమే కాదు, ఆ ఒక్క డాక్టరుది మాత్రమే కాదు. దీనికి నూటయాభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. మనసు చెదిరిన సైనికుడు సాధారణంగా మనోవైద్యుణ్ణి వెతుక్కుంటూ పోడు. గుండెదడ అనో, కడుపుమంట అనో, నడుము నొప్పి అనో చెప్పుకుంటూ మొదట అందుబాటులో ఉన్న సామాన్యవైద్యుని దగ్గరకు పోతాడు. ఆ తొలివైద్యుడు ఏమి అడిగాడు, ఏమి అడగలేదు అన్నదాని మీద ఎన్నో ప్రాణాలు ఆధారపడ్డాయి. మిత్రులారా, ఆ ప్రశ్న ఎంత ఆలస్యంగా పుట్టిందో చెప్పడమే ఈ టపా ఉద్దేశం.

1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్యవిద్యార్థి బాసెల్ నగరంలో సమర్పించిన సిద్ధాంతవ్యాసంలో ఒక కొత్త వ్యాధిపేరు కల్పించాడు. ఇంటికి మరలడం, బాధ అనే అర్థాలుగల రెండు గ్రీకు మాటలను సంధించి 'నోస్టాల్జియా' అన్నాడు. మన వాడుకలో ఇంటిబెంగ. ఇవాళ మనం పాతపాటలు విన్నప్పుడు తీయగా వాడుకొనే ఆ మాట ఒకప్పుడు సైనికవైద్యుల చిట్టాలలో రోగం పేరు. 1861 నుండి 1865 వరకు జరిగిన అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యపు వైద్యులు ఐదువేలకు పైగా సైనికులకు ఆ రోగమున్నట్లు వ్రాసుకున్నారు.

ఆ యుద్ధకాలంలోనే ఫిలడెల్ఫియాలో జేకబ్ డా కోస్టా అనే వైద్యుని దగ్గరకు మరొక రకం రోగులు వచ్చేవారు. గుండె దడదడలాడుతుంది, ఊపిరి ఆడదు, ఛాతీలో నొప్పి, కాస్త నడిస్తే ఆయాసం. పరీక్షిస్తే గుండెలో చెప్పుకోదగిన దోషం కనబడదు. అలాంటి 300 మంది సైనికుల వివరాలను పరిశీలించి 1871లో ఆయన ఒక పెద్ద వ్యాసం ప్రచురించాడు. ఆ స్థితికి 'చిరాకు గుండె' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. జనం 'సైనికుని గుండె' అన్నారు. డా కోస్టా ఓపికగా విన్నాడు, లెక్కలు వ్రాశాడు, విశ్రాంతి ఇచ్చాడు, గుండెకు మందులిచ్చాడు. అయితే రోగి గుండె అని చెప్పాడు కనుక వైద్యుడూ గుండె దగ్గరే ఆగిపోయాడు. సైనికుడు మనసును శరీరభాషలోకి అనువదించి చెబుతున్నాడనీ, మూలపాఠం వేరే ఉన్నదనీ తెలియడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

ఇక 1914. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిషు సైన్యంలో సుమారు వెయ్యిమంది ఉండే ఒక్కొక్క పటాలానికి ఒక్క వైద్యాధికారి. రోజూ ఉదయం 'సిక్ పెరేడ్'. ఒంట్లో బాగులేదన్నవాళ్లంతా ఆయన ముందు వరుస కట్టాలి. ఆయన దగ్గరి మందులు కొద్ది, వ్యవధి ఇంకా కొద్ది. ఆయన నెత్తిన రెండు ధర్మాలు: రోగిని కాపాడడం ఒకటి, పటాలంలో తుపాకి పట్టే చేతుల సంఖ్య తగ్గకుండా చూడడం రెండవది. రెండూ ఢీకొన్నప్పుడు ఎక్కువసార్లు రెండవదే గెలిచేది. అప్పుడు చీటీమీద 'మెడిసిన్ అండ్ డ్యూటీ' అని వ్రాసేవారు. అంటే మందు మింగు, పనికి పో అని. ఆ మందు చాలాసార్లు 'నంబర్ నైన్' అనే మాత్ర. అది విరేచనపు మాత్ర. తలనొప్పికీ అదే, కాళ్లనొప్పికీ అదే, చెప్పుకోలేని దిగులుకూ అదే. సైనికులు దాని మీద ఎన్నో హాస్యాలు అల్లుకున్నారు. తంబోలా ఆటలో తొమ్మిది అంకెకు 'డాక్టరుగారి ఆజ్ఞ' అనే పిలుపు వచ్చింది ఆ మాత్ర వల్లనే అంటారు.

ఆ రోజుల్లో రాయల్ ఫ్యుజిలియర్స్ మొదటి పటాలానికి వైద్యాధికారిగా ఉన్నవాడు చార్లెస్ విల్సన్. తరువాతి కాలంలో లార్డ్ మొరాన్ అనే బిరుదనామంతో, చర్చిల్‌కు సొంత వైద్యుడుగా లోకానికి తెలిసినవాడు. యుద్ధం తొలినాళ్లలో ఒకనాడు ఆయనను ఒక సార్జంటును చూడమని పిలిచారు. ఆ సార్జంటు గడ్డం గీసుకోలేదు, బట్టల మీద ధ్యాస లేదు, పొయ్యిలోని మంటను చూస్తూ కూర్చున్నాడు. ఎంత కదిలించినా మాట పలకలేదు. ముభావి మనిషి కాబోలు అనుకున్నాడు వైద్యుడు. సరే, పటాలం కందకాల నుండి తిరిగివచ్చేదాకా బసలోనే విశ్రాంతి తీసుకోనిమ్మన్నాడు. మరునాడు అందరూ కందకాలకు వెళ్లిపోయాక, ఒంటరిగా మిగిలిన ఆ మనిషి ప్రాణం తీసుకున్నాడు.

ఈ సంగతిని ఆయన దాచుకోలేదు. ముప్పయ్యేళ్ల తరువాత, 1945లో 'ది అనాటమీ ఆఫ్ కరేజ్' అనే గ్రంథంలో వ్రాశాడు. ఆనాడు తాను దాన్ని పెద్దగా పట్టించుకోలేదనీ, తెలివితక్కువ పనిగా మాత్రమే తోచిందనీ, మనుషులను లోపల వణికించేది ఏమిటో అప్పటికి తనకు తెలియదనీ ఒప్పుకున్నాడు. ఆ పుట చదివినప్పుడు పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. ఆయన క్రూరుడు కాడు. సోమ్ యుద్ధరంగంలో క్షతగాత్రులకోసం తన ప్రాణాన్ని లెక్కచేయక 1916లో మిలిటరీ క్రాస్ పొందినవాడు. రోగికి విశ్రాంతి కూడా ఇచ్చాడు. ఇవ్వనిది ఒక్కటే: ఎదుట కూర్చుని, "నాయనా, నీ మనసులో ఏమున్నది?" అనే ప్రశ్న. విశ్రాంతి పేరిట అతన్ని ఒంటరిగా వదిలివెళ్లారు.

1915 ఫిబ్రవరిలో చార్లెస్ మయర్స్ అనే మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు 'లాన్సెట్' పత్రికలో ముగ్గురు సైనికుల కథ ప్రచురించాడు. గుండ్లు దగ్గరగా పేలిన తరువాత వారికి చూపు మందగించింది, వాసన, రుచి తెలియకుండా పోయాయి, కొంత జ్ఞాపకం చెరిగిపోయింది. దాన్ని ఆయన 'షెల్ షాక్' అన్నాడు. ఆ మాట కార్చిచ్చులా వ్యాపించింది. కంటికి కనిపించే కారణం దొరికింది గనుక సైనికునికి కొంత గౌరవం మిగిలింది. కాని పేలుడుకు దరిదాపుల్లో లేనివారికీ అవే లక్షణాలు రావడం చూసి, ఆ పేరు తప్పుదారి పట్టిస్తున్నదని మయర్సే గ్రహించాడు. సైన్యాధికారులకు మరొక భయం పట్టుకున్నది: పేరుంటే రోగులు పెరుగుతారని. 1917లో ముందువరుస వైద్యులు ఆ మాట వ్రాయకూడదని ఉత్తర్వు వచ్చింది. దాని బదులు చీటీమీద నాలుగు పొడి అక్షరాలు వ్రాయాలి. వాటికి అర్థం, 'ఇంకా నిర్ధారణ కాలేదు, నరాలకు సంబంధించినది' అని. వ్యాకరణం చెప్పుకొని బ్రతికినవాణ్ణి గనుక నాకిది వింతగా తోచింది. పేరును నిషేధిస్తే ఆ పేరుగల వస్తువు లేకుండా పోతుందని నమ్మిన ప్రభుత్వం అది.

తొలివైద్యుని తలుపు మూసుకుంటే ఏమవుతుందో హ్యారీ ఫార్ కథ చెబుతుంది. వెస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటులో సామాన్య సిపాయి. 1915లో ఐదు నెలలు షెల్ షాక్‌తో ఆసుపత్రిలో ఉన్నాడు. చేతివణుకు వల్ల భార్యకు ఉత్తరం కూడా నర్సు చేత వ్రాయించుకొనేవాడు. మళ్లీ యుద్ధానికి పంపారు. 1916 సెప్టెంబరులో ముందువరుసకు నడవమన్న రోజున తనకు బాగులేదని చెప్పాడు. చికిత్సాకేంద్రానికి పోతే, ఒంటిమీద గాయం లేదు గనుక చూడమన్నారు. తరువాత పిరికితనం నేరం మీద విచారణ జరిగింది. అతని పక్షాన వాదించేవారు లేరు. అతన్ని ఎరిగిన వైద్యాధికారి గాయపడి అందుబాటులో లేడు. 1916 అక్టోబరు 16న, 25వ ఏట, సొంత సైన్యమే అతన్ని కాల్చివేసింది. ఆ యుద్ధంలో బ్రిటిషు సైనికచట్టం కింద 346 మందికి మరణశిక్ష అమలైంది. వారిలో హత్య, తిరుగుబాటు కాక పిరికితనం, పారిపోవడం వంటి నేరాల మీద చనిపోయిన 306 మందికి 2006లో చట్టం ద్వారా క్షమాభిక్ష ప్రకటించారు. తొంభైయేళ్లు పట్టింది.

మనవాళ్ల సంగతి ఏమైందని అడుగుతారు. 1914 చివర ఫ్రాన్సు చేరిన భారతీయ సిపాయిల మీద ఇంకొక అనుమానం పడింది. చేతిగాయాలతో వచ్చేవారు ఎక్కువగా ఉన్నారు గనుక, యుద్ధం తప్పించుకోవడానికి వారే గాయాలు చేసుకుంటున్నారని కొందరు అధికారులు నమ్మారు. ఇంగ్లండులో బ్రైటన్ పట్టణంలోని కిచెనర్ ఆసుపత్రిలో బ్రూస్ సీటన్ అనే సైనికవైద్యుడు 1915లో 1000 గాయాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, ఆ ఆరోపణకు ఆధారం లేదని నివేదిక ఇచ్చాడు. నిజం తేల్చినందుకు ఆయనకు నమస్కారం. కాని ఆ నివేదిక వెనుకనున్న స్థితిని గమనించండి. వైద్యుని ముందుకు వచ్చిన సిపాయి మొదట ముద్దాయి, ఆ తరువాతనే రోగి. ముద్దాయి తన మనసులోని భయాన్ని న్యాయాధికారితో చెప్పుకుంటాడా?

విని మాట్లాడే వైద్యం అప్పుడు లేకపోలేదు. స్కాట్లండులోని క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్ అనే వైద్యుడుండేవాడు. మన నీలగిరులలోని తోడా జాతివారి మధ్య నివసించి, 1906లో వారి మీద పెద్ద గ్రంథం వెలువరించిన మానవశాస్త్రజ్ఞుడు ఈయనే. 1917లో కవి సీగ్‌ఫ్రీడ్ ససూన్‌ను చూసినవాడూ ఈయనే. చూసిన ఘోరాన్ని మరచిపొమ్మని రోగికి చెప్పడం అపకారమనీ, దాన్ని నోరారా చెప్పుకోనివ్వాలనీ రివర్స్ వాదించాడు. అయితే క్రెయిగ్‌లాక్‌హార్ట్ అధికారుల ఆసుపత్రి. అధికారికి సంభాషణ, సిపాయికి తొమ్మిదో నంబరు మాత్ర. ఆ భేదం అప్పట్లో ఎవరికీ వింతగా తోచలేదు.

యుద్ధం చివరి సంవత్సరాలలో ఒక మేలు జరిగింది. చెదిరినవాణ్ణి దూరదేశపు ఆసుపత్రికి తరలిస్తే తిరిగి కోలుకోవడం కష్టమవుతున్నదని ఫ్రెంచివారు, తరువాత మయర్స్, అమెరికా పక్షాన థామస్ శామన్ గ్రహించారు. యుద్ధరంగానికి దగ్గరలోనే, ఆలస్యం చేయకుండా, నీవు బాగుపడతావన్న నమ్మకంతో వైద్యం చేయాలన్నారు. ఇది చదివినప్పుడు నాకు విరాటపర్వం స్ఫురించింది. ముప్పయ్యేళ్లు ఆ పాఠం చెప్పాను. అంతఃపురంలో బీరాలు పలికిన ఉత్తరుడు కౌరవసేనను చూడగానే ఒళ్లు వణికి, రథం దిగి పరుగెత్తాడు. ఆ కథలో నుండి మన తెలుగువాళ్లం 'ఉత్తరకుమార ప్రగల్భాలు' అనే నానుడి ఒక్కటి తీసుకుని, నవ్వుకుని, మిగిలినది వదిలివేశాం. మిగిలినదేమిటి? బృహన్నల అతని వెంట పరుగెత్తి పట్టుకున్నాడు. పారిపోయినందుకు శిక్షించలేదు, అడవిలో ఒంటరిగా వదలలేదు. ఊరడించి, విల్లు పట్టలేకపోతే పగ్గాలు పట్టుకో, నేనున్నానని చెప్పి, చేయగలిగిన పని చేతిలో పెట్టాడు. యుద్ధం నడుమ అతడు మళ్లీ బెదిరితే మళ్లీ ఊరడించాడు. తిక్కనగారి ఉత్తరుడు నవ్వించడానికి మాత్రమే ఉన్నవాడు కాడని పిల్లలకు ఆ రోజుల్లో చెప్పి ఉండవలసింది. నేనూ నవ్వించే ఊరుకున్నాను.

యుద్ధం ముగిసాక బ్రిటిషు ప్రభుత్వం లార్డ్ సౌత్‌బరో అధ్యక్షతన సంఘం వేసింది. 1922లో వచ్చిన ఆ నివేదిక షెల్ షాక్ అనే మాటనే వాడుకలోనుండి తొలగించమన్నది. నేర్చుకున్నది కూడా ఆ మాటతోబాటు చాలావరకు మరుగునపడింది. రెండవ యుద్ధంలో మళ్లీ మొదటినుండి నేర్చుకోవలసివచ్చింది. 1943 ఆగస్టులో సిసిలీలో అమెరికా సేనాని పాటన్, వారం వ్యవధిలో రెండు ఆసుపత్రులలో గాయం కనబడని ఇద్దరు సైనికులను పిరికివాళ్లని చెంపదెబ్బ కొట్టాడు. వారిలో మొదటివానికి మలేరియా జ్వరం ఉన్నట్లు తరువాత తేలింది. శరీరాన్ని చూసి మనసును వదిలినవాడు ఒకడైతే, మనసును నిందించే తొందరలో శరీరాన్ని కూడా చూడనివాడు మరొకడు. అడగకపోవడం ఇద్దరిలోనూ సమానమే.

అదే సంవత్సరం ఉత్తర ఆఫ్రికాలో అమెరికా సైన్యం ఇలాంటివారందరికీ ముందువరుసలో 'అలసట' అనే పేరే వ్రాయమన్నది. సాదా మాట, అవమానం లేని మాట. 1946లో ఏపెల్, బీబ్ అనే ఇద్దరు లెక్క తీసి, ఎంతటి ధీరుడైనా 200 నుండి 240 రోజుల పోరాటం తరువాత పనికిరాకుండా పోతున్నాడని చూపించారు. మొరాన్ తన గ్రంథంలో చెప్పిన సిద్ధాంతమూ ఇదే దారిలోనిది. ధైర్యమంటే బ్యాంకులో నిల్వ వంటిదనీ, రోజూ తీసి వాడుకుంటూ పోతే అయిపోతుందనీ ఆయన భావన. మన పల్లెమాటలో చెప్పాలంటే గాదెలో గింజలు. గాదె ఖాళీ అయినవాణ్ణి దొంగ అనకూడదు. మంటను చూస్తూ కూర్చున్న ఆ సార్జంటు గాదె ఖాళీ అయినవాడని మొరాన్‌కు ముప్పయ్యేళ్ల తరువాత తెలిసింది.

వియత్నాం యుద్ధం నుండి తిరిగివచ్చినవారు, వారి పక్షాన నిలబడిన వైద్యులు చేసిన ఒత్తిడి ఫలితంగా, 1980లో అమెరికా మనోవైద్యుల వ్యాధిసూచికలోకి పీ.టీ.ఎస్.డీ. అనే పేరు ఎక్కింది. ఇంటిబెంగగా మొదలైనది మూడువందల ఏళ్లకు ఇక్కడికి చేరింది. పేరు వచ్చింది, నిపుణులు వచ్చారు. మరి సైనికుడు వారి దగ్గరకు వెళ్లాడా?

వెళ్లలేదు. 2004లో చార్లెస్ హోగ్ బృందం ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్ యుద్ధాల నుండి తిరిగివచ్చిన అమెరికా సైనికులను పరిశీలించింది. మానసికవ్యాధి లక్షణాలున్నట్లు తేలినవారిలో వైద్యసహాయం కోరినవారు 23 నుండి 40 శాతం మాత్రమే. నన్ను బలహీనుడనుకుంటారు, నా పైఅధికారి నన్ను వేరుగా చూస్తాడు అనే భయం, వైద్యం అవసరమైనవారిలోనే ఎక్కువగా ఉన్నది. అంతకుముందు 2002లో లుయోమా మొదలైనవారు సామాన్యప్రజల విషయంలో వచ్చిన 40 పరిశోధనలను కలిపి చూశారు. ఆత్మహత్య చేసుకున్నవారిలో సుమారు 45 శాతం మంది చనిపోవడానికి ముందటి నెలలో ఒక సాధారణవైద్యుణ్ణి కలిశారు. ఆ నెలలో మనోవైద్యసేవలను ఆశ్రయించినవారు ఐదింట ఒకవంతు మాత్రమే. నా విద్యార్థి ఆ 45 మందిలో ఒకడు. ఈ అంకె చదివిన రోజున నాకు అన్నం సయించలేదు.

ఈ రెండు సంగతులను కలిపి చూస్తే దారి ఒక్కటే కనిపిస్తుంది. సైనికుడు మనోవైద్యుని దగ్గరకు పోనప్పుడు, అతడు పోయేచోటనే ఆ ప్రశ్న ఉండాలి. అమెరికా సైన్యంలో కొందరు వైద్యులు ఫోర్ట్ బ్రాగ్ అనే స్థావరంలోని సాధారణ చికిత్సాలయంలో దీన్ని ప్రయత్నించారు. 2007 నుండి 'రెస్పెక్ట్-మిల్' అనే పేరుతో అది ఆ సైన్యంలోని ఎన్నో చికిత్సాలయాలకు విస్తరించింది. పద్ధతి సులభమైనది. నడుము నొప్పికి వచ్చినా, జలుబుకు వచ్చినా, వేచి ఉండే గదిలోనే ప్రతివారికీ కొద్ది ప్రశ్నలున్న కాగితం ఇస్తారు. అందరికీ ఇస్తారు గనుక ఎవరికీ నామోషీ లేదు. అనుమానం కలిగితే తొమ్మిది ప్రశ్నల మరొక పత్రం. 2001లో ప్రచురితమైన ఈ పత్రాన్ని పీ.హెచ్.క్యూ.-9 అంటారు. గత రెండు వారాలలో నిద్ర, ఆకలి, అలసట, ఆసక్తి ఎలా ఉన్నాయని అడుగుతూ అడుగుతూ తొమ్మిదో ప్రశ్నకు వస్తుంది. చనిపోతే మేలన్న ఆలోచన గాని, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గాని వచ్చిందా అన్నది ఆ ప్రశ్న. అవునంటే ఆ సాధారణవైద్యుడే కూర్చుని మాట్లాడతాడు. తరువాత ఒక నర్సు కొన్ని వారాలకొకసారి ఫోను చేసి ఎలా ఉన్నావని కనుక్కుంటుంది. వెనుక నుండి మనోవైద్యుడు సలహా ఇస్తాడు.

తొమ్మిదో నంబరు మాత్ర నుండి తొమ్మిదో ప్రశ్న దాకా రావడానికి తొంభై ఏళ్లకు పైగా పట్టింది. అంకెలు కలియడం యాదృచ్ఛికమే. వాటి మధ్య దూరం మాత్రం యాదృచ్ఛికం కాదు.

అయితే ఇక్కడితో కథ సుఖాంతమని వ్రాస్తే అబద్ధమవుతుంది. అమెరికాలో మాజీ సైనికుల వైద్యవ్యవస్థ రికార్డులపై 2016లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, ఆ పత్రం నింపిన తరువాత కొంతకాలానికి ఆత్మహత్య చేసుకున్నవారిలో 70 శాతానికి పైగా తొమ్మిదో ప్రశ్నకు అలాంటి ఆలోచనే లేదని జవాబిచ్చినవారు. అవునన్నవారికి ప్రమాదం ఎక్కువన్నమాట నిజమే. కాని కాదన్నవారంతా క్షేమమని కాదు. కొందరికి ఆ రోజు నిజంగానే ఆ ఆలోచన లేకపోవచ్చు. కొందరు దాచి ఉండవచ్చు. దాచడానికి కారణం 1914 నాటిదే. సైనికుని వైద్యుడు సైన్యపు వైద్యుడు కూడా. ఈ కాగితం ఎవరి బల్లమీదకు పోతుందో అన్న భయం ఉన్నంతకాలం, ప్రశ్న ఎంత మంచిదైనా జవాబు 'లేదు' అనే వస్తుంది. ఆ ప్రశ్నను అచ్చు వేయడం తేలిక. నిజం చెప్పినా నష్టపోననే నమ్మకం కలిగించడం కష్టం.

మన దేశానికి వద్దాం. మన సైన్యంలోనూ ప్రతి పటాలానికీ వైద్యాధికారి, 'ఎం.ఐ. రూం' ఉన్నాయి. ఇంటిదగ్గర భూమి తగాదా, పిల్లల చదువు, సెలవు దొరకకపోవడం, కొండశిఖరాల మీద ఒంటరి కాపలా, ఇవన్నీ అక్కడికి తలనొప్పిగా, నిద్రలేమిగా వస్తాయి. మనోవ్యాధి అని వ్రాస్తే మెడికల్ కేటగిరీ తగ్గుతుంది, ప్రమోషన్ ఆగుతుందన్న భయం జవానుకు ఉన్నది. 1950 నాటి మన సైనికచట్టం 64వ సెక్షనులో ఆత్మహత్యాయత్నాన్ని నేరాల జాబితాలోనే చేర్చింది. పౌరుల విషయంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, అలా ప్రయత్నించినవాడు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలనీ, శిక్షించరాదనీ చెప్పింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన న్యాయసంహితలో పాత 309వ సెక్షను కనబడదు. సైన్యంలోనూ కదలిక లేకపోలేదు. 2009 నుండి మానసిక ఆరోగ్య కార్యక్రమం ఒకటి ఉన్నదని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. 2023 డిసెంబరు 1న పుణెలోని సాయుధదళాల వైద్యకళాశాలలో సైనికులకు, వారి కుటుంబాలకు టెలీ-మానస్ ప్రత్యేక విభాగం ప్రారంభమైంది.

పదవీ విరమణ చేసినవారి కోసం 2003లో మొదలైన ఈ.సీ.హెచ్.ఎస్. పాలీక్లినిక్కులున్నాయి. అయితే మా ఊరి వంటి ఊళ్లలో మాజీ జవాను మొదట వెళ్లేది ఆర్.ఎం.పీ. దగ్గరకో, ప్రాథమిక ఆరోగ్యకేంద్రానికో, మందుల దుకాణానికో. అంతకంటే ముందు తనకు అక్షరాలు నేర్పిన మాస్టారి అరుగుమీదకు. నా దృష్టిలో ఇవన్నీ తొలివైద్యుని తలుపులే. పశ్చిమ గోదావరిలో ఇంటింటికీ సైనికులున్న మిలిటరీ మాధవరం వంటి ఊళ్లు మన తెలుగునేలలో ఉన్నాయి. అలాంటి ఊళ్లలో అరుగులు ఎన్నో కదా!

చచ్చిపోవాలనిపిస్తున్నదా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని మన పెద్దలు జంకుతారు. నేనూ జంకేవాణ్ణి. అది నిజం కాదని పరిశోధనలు మళ్లీ మళ్లీ తేల్చాయి. అడగడం వల్ల ఆ ఆలోచన పెరగదు. చాలామందికి, ఒకరు అడిగారన్న ఊరట కలుగుతుంది. అడిగిన తరువాత చేయవలసినవి రెండు: తీర్పు చెప్పకుండా వినడం, మనిషిని ఒంటరిగా వదలకుండా వైద్యుని దాకా తోడు వెళ్లడం. ఇరవైనాలుగు గంటలూ తెలుగులోనే మాట్లాడగలిగిన టెలీ-మానస్ సంఖ్య 14416. ఈ టపా చదివేవారిలో ఎవరికైనా అలాంటి ఆలోచన ఉంటే, ఆ సంఖ్యను ఈ రాత్రే వాడుకోండి. చెప్పుకోవడం పిరికితనం కాదు.

మొన్న ఆ అబ్బాయి భార్య వచ్చింది. కుటుంబ పింఛను అర్జీ వ్రాయించుకోవడానికి. కాగితం తీశాను, కలం మూత తీశాను. వ్రాసేముందు కలం పక్కన పెట్టి, "అమ్మా, నువ్వు ఎలా ఉన్నావు? నిద్ర పడుతున్నదా?" అని అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడింది. ఆ రోజు అర్జీ వ్రాయడం కుదరలేదు. మరునాడు వ్రాశాను.